మొదటి టేకుకే ఓకే

ఇంకో టేకా? చాలు తమ్ముడూ. ముందు ఆ తలుపేసి రా. మేడం భోజనానికి వెళ్లింది, అరగంట దాకా రాదు. నేనే బూత్‌లోంచి బయటికొచ్చేశాను, ఇక అద్దానికి అటొకరు ఇటొకరు అక్కర్లేదు. ఆ కుర్చీ ఇలా లాగు, పొద్దున్నుంచి నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఊ. ఇప్పుడు ముఖాముఖీ అడుగుతున్నాను, ఏమిటి నీ ఉద్దేశం?

ఏమీ లేదా. సరే, లేదనే అనుకుందాం. పంతొమ్మిది టేకులు. నేనూ వేళ్లు మడుస్తూనే ఉన్నాను. "కూర్చోండమ్మా." ఇంతే కదా మాట? దీనికి పంతొమ్మిది సార్లా? పైగా ఆ చోట తెరమీద నేను గొంతిచ్చే గుమాస్తా వీపు తప్ప ఏమీ కనపడదు. పెదాలు కలవాలన్న బాధ కూడా లేదు. వీపుకి డబ్బింగ్ చెప్పలేనివాణ్ణా నేను?

ముప్పయ్యేళ్లయింది ఈ పనిలోకి వచ్చి. పరాయి భాషల సినిమాల్లో దుర్మార్గులు ఎంతమంది ఉన్నారో అందరూ నా గొంతుతోనే మన మాటలు మాట్లాడారు. దొంగనోట్ల వాళ్లు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు, సముద్రపు దొంగలు, ఒకసారైతే మాటలొచ్చిన మొసలి. అందరూ నన్ను కంచు అంటారు. నువ్వొక్కడివే గురువుగారూ అంటావు. ఆ గురువుగారూ అనడంలో కూడా ఏదో ఉందని ఈమధ్య అనుమానం పట్టుకుంది.

నవ్వకు. నువ్వు నవ్వితే నాకు ఇంకా అనుమానం.

మొదట్నుంచీ వద్దాం. ఈ గుమాస్తా వేషం నాకిమ్మని చెప్పిందెవరు? మనచేత డబ్బింగ్ చెప్పించే మేడం కాదు. మొన్న టీ తాగేటప్పుడు ఆవిణ్ణి మెల్లగా కదిపాను. "మా సౌండింజనీరు చెప్పాడండీ, దీనికి మీరైతేనే బాగుంటుందని" అంది. నువ్వే, చూశావా. ఆ సినిమాలో అరిచే పోలీసాఫీసరు ఒకడున్నాడు, లాఠీ పట్టుకుని, బూటుకాలితో తన్నేవాడు. అది కదా నా వేషం? అది తీసుకెళ్లి నిన్నగాక మొన్నొచ్చినవాడికిచ్చి, మెత్తగా మాట్లాడే స్టేషను గుమాస్తాని నాకు అంటగట్టారు. ఎందుకు?

మామూలుగా మనకి సినిమా ఎవరు చూపిస్తారు చెప్పు. మన ముక్కలు మనకి చూపిస్తారు, చెప్పేసి వెళ్లిపోతాం. చివరికి ఎవడు గెలిచాడో ఎవడు చచ్చాడో పోస్టరు చూసి ఊహించుకోవడమే. ఈసారి మాత్రం అందరినీ కూర్చోబెట్టి మొత్తం చూపించారు, కథ తెలిసి చెప్పాలని. అదీ ఎవరి సలహానో మరి.

చూశాను. బాగుంది సినిమా, నేనేం కాదనను. రైల్వేస్టేషన్లో తెల్లవాళ్లకి ఒక గది, నల్లవాళ్లకి ఒక గది. తెల్లవాళ్ల గదిలో ఫ్యాను, బెంచీలు, గోడ గడియారం. నల్లవాళ్లది సామాన్ల షెడ్డు వెనకాల, నాలుగు చినుకులు పడితే కారుతుంది. రిటైరైన నల్ల టీచరమ్మ ఒకావిడ రోజూ టికెట్ కొనుక్కుని వచ్చి ఫ్యాను కింద కూర్చుంటుంది. గుమాస్తా వచ్చి లేవమంటాడు. "నా బండి ఇంకా రాలేదు బాబూ" అంటుంది. పోలీసులొచ్చి బెంచీతో సహా ఎత్తి బయట పెడతారు. మర్నాడు మళ్లీ వస్తుంది. ఆవిడ వెనక ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత కౌంటరు దగ్గర్నుంచి ఊరి చివరిదాకా వరస. ఎక్కని బండికి అంతమంది టికెట్లు కొనడం.

అందరూ ఏడ్చారు. టీచరమ్మకి గొంతిచ్చే పెద్దావిడైతే వెక్కిళ్లు పెట్టింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఏడవనిది నువ్వొక్కడివే. వెనక వరసలో కూర్చుని బిస్కెట్లు తింటున్నావు. నేను తెరని ఎంతసేపు చూశానో, వెనక్కి తిరిగి నిన్నూ అంతసేపు చూశాను. వీడికేం పట్టదా, మా అందరికంటే వీడికే కదా ఎక్కువ తగలాలి అనుకున్నాను.

ఎందుకంటావేం? నీది రైలు గేటు అవతల కదా. తప్పుగా అనుకోకు. గేటు అవతల ఎవరుంటారో ఇవతల ఎవరుంటారో ఈ ఊళ్లో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు, నేను కొత్తగా చెప్పేదేముంది. పనిలో చేరిన మొదటిరోజే నువ్వు చెప్పావు, "మాది గేటు అవతలండీ" అని. నేను అడిగితేనే చెప్పావనుకో.

ఇక ఆ మొదటి టేకు. పదిరోజుల కిందటిది. గుమాస్తా టీచరమ్మ దగ్గరికి తొలిసారి వచ్చే ముక్క. కాగితం మీద ఏముంది? "అమ్మా, మీ గది అటువైపుంది." అంతే. తెరమీద చూస్తే మాట అయిపోయినా వాడి పెదాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు మనం ఏం చేస్తాం? అర్థం చెడకుండా సొంతంగా ఒక ముక్క అతికిస్తాం. నేను ఆలోచించను కూడా, నోరే చూసుకుంటుంది. మేడం చెవిలో "మెత్తగా అండీ, మర్యాదగా" అంటోంది. అందుకున్నాను. "అమ్మా, మీ గది అటువైపుంది. అక్కడైతే మీకు హాయిగా ఉంటుంది."

పెదాలు సరిగ్గా కూర్చున్నాయి. అద్దంలోంచి చూస్తే నువ్వు మీట మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయావు. కాసేపటికి, "ఓకే గురువుగారూ."

మొదటి టేకుకే. ఈ మూడేళ్లలో ఎవరికైనా మొదటి టేకుకి ఓకే చెప్పావా నువ్వు? మొసలికి పదకొండు చేయించావు. మేడమేమో పరుగెత్తుకొచ్చి, ఎంత సహజంగా ఉందండీ, ఆ "హాయిగా" ఎంత బాగా పడిందండీ అని మురిసిపోయి, గుమాస్తా ఆ మాట అనే ప్రతిచోటా అదే పెట్టించింది. మొత్తం పది చోట్ల. ఆ సాయంత్రం బస్సులో నాకు చొక్కా తడిసిపోయింది. పక్కనున్నాయన జ్వరమా అని అడిగాడు.

ఇప్పుడు చెప్పు. ఫలానా చోట ఎంత మాట పడుతుందో పెదాలు చూసి రచయితకి చెప్పేది నువ్వే కదా. ఎప్పుడూ తప్పని కొలత ఆ ఒక్కచోట ఎలా తప్పింది? ఖాళీ ఉంచితే ఈయన దేంతో నింపుతాడో చూద్దామనేగా?

అలా చూడకు. నాకు తెలుసు నువ్వెవరో. చేరినరోజే పోల్చుకున్నాను, ఆ కనుబొమ మీద మచ్చ చూసి. నువ్వు నన్ను పోల్చుకున్నావా లేదా అన్నదే తెలియక మూడేళ్లుగా చస్తున్నాను. పలకరిస్తే ఎందుకు పలకరించాడా అని. పలకరించకపోతే ఎందుకు పలకరించలేదా అని. నా ఫ్లాస్కులో వేడినీళ్లు నువ్వు నింపి పెడితే ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టుకున్న రోజులున్నాయి. అవును, నిజం.

ఏడేళ్ల కిందటి సంగతి. మా మేడమీద గది ఖాళీ అయింది, అద్దెకిస్తామని మా ఇంటి గేటుకి బోర్డు కట్టాను. ఆదివారం పొద్దున వచ్చారు, నువ్వూ మీ ఆవిడా. ఆవిడకి నెలలు నిండుతున్నాయి. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. తాళంచెవి పట్టుకుని పరుగెత్తి, గాలి రావాలని మేడమీద కిటికీలన్నీ తెరిచి పెట్టింది. మా ఆవిడ వరండాలో కుర్చీలు వేసింది. మీ ఆవిడ చీర సర్దుకుని కూర్చోబోయింది. సరిగ్గా అప్పుడు అడిగాను నేను, ఇప్పుడు ఎక్కడుంటున్నారు బాబూ అని.

"గేటు అవతలండీ."

నేను కేకలేశానా? లేదు. ఒక్క మాట తూలానా? లేదు. ఎంత మర్యాదగా చెప్పాను. "అయ్యో, నిన్ననే ఇచ్చేశాం బాబూ. అయినా మీకు అటువైపే హాయిగా ఉంటుంది, మీవాళ్లంతా అక్కడే కదా." నా గొంతు సంగతి నాకు తెలియదా, ఎక్కడ ఎంత మెత్తగా పెట్టాలో. కుర్చీ దాకా వంగిన మనిషి, దాని చెయ్యి పట్టుకుని మెల్లగా మళ్లీ నిటారుగా నిలబడింది. ఆవిడ కడుపు మీద చెయ్యి వేసుకోవడం కూడా చూశాను. మంచినీళ్లయినా అడక్కుండా వెళ్లిపోయారు.

మా అమ్మాయి మెట్లు దిగొచ్చి, "గది ఇచ్చేశామా నాన్నా? అయితే బోర్డు విప్పెయ్యనా?" అంది. ఉండనీలే అన్నాను.

అప్పటిదాకా రోజూ దానికి కథల పుస్తకం నేనే చదివేవాణ్ణి. ఏనుగుకో గొంతు, ఎలుకకో గొంతు. పదకొండేళ్లొచ్చినా అది మానలేదు, నేనూ మానలేదు. మర్నాడు పుస్తకం తీస్తే, "ఇవాళ గొంతులు వద్దు, మామూలు గొంతుతో చదువు" అంది. చదివాను. కాసేపు విని, "ఇది నీ మామూలు గొంతేనా నాన్నా?" అని అడిగింది. వెక్కిరింత కాదు తమ్ముడూ, తెలియకే అడిగింది. ఆ తర్వాత ఇక పుస్తకం తేలేదు.

ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఈ సినిమా గురించి అక్కడ అప్పుడే చెప్పుకుంటున్నారట. "అందులో నువ్వున్నావటగా నాన్నా, మొదటిరోజే చూస్తాం, ఫ్రెండ్సందరికీ చెప్పాను" అంది మొన్న. ఎన్నేళ్లకి అడిగింది నా పని గురించి. హాల్లో కూర్చుంటుంది. నా గొంతు "అక్కడైతే మీకు హాయిగా ఉంటుంది" అంటుంది. ఒకసారి కాదు, పదిసార్లు. మా ఆవిడ మర్చిపోయి ఉండొచ్చు. అది మర్చిపోయే రకం కాదు.

అందుకని, ఇదిగో, చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఆ మొదటి టేకు చెరిపెయ్యి. ఆ పదీ చెరిపెయ్యి. మేడంకి ఏదో ఒకటి చెప్పు, మెషీను పాడైందను. నేను మళ్లీ మొత్తం చెబుతాను. ఈసారి కరుకుగా, పళ్లు కొరుకుతూ, వినగానే వీడు దుర్మార్గుడని తెలిసేటట్టు. కేకలేసేవాణ్ణి చూసి మా అమ్మాయి అసహ్యించుకుంటుంది, కానీ ఇది మా నాన్న అనుకోదు. ఇంట్లో నేను ఎన్నడూ కేకలెయ్యలేదు.

తల అడ్డంగా ఊపుతున్నావు. తెలుసు, ఎందుకు చెరుపుతావు? ఏడేళ్లు కాచుకుని కూర్చున్నావు. ఇప్పుడు చివరి సీను దొరికింది. గది నిండా జనం, టీచరమ్మకి చోటు లేదు, గుమాస్తా తన కుర్చీలోంచి లేచి కూర్చోమంటాడు. ఆ ఒక్క మాటకి ఒకసారి జాలిపడుతున్నట్టుంది అన్నావు, ఒకసారి ఆర్డరేసినట్టుంది అన్నావు, ఒకసారి మైకుని బతిమాలుతున్నట్టుంది అన్నావు. మేడమైనా పదోదానికి సరే అనబోయింది, నువ్వే ఒప్పుకోలేదు. ఆరోజు మీ ఆవిడతో నేను అనని మాటని ఇవాళ పంతొమ్మిది సార్లు అనిపించావు. కక్ష తీర్చుకో, నేను కాదనను. కానీ అవునని ఒక్కసారి ఒప్పుకో. నాకు కాస్త తేలికవుతుంది.

ఏమిటి?

మళ్లీ చెప్పు.

నువ్వు కాదా?

ఆ మచ్చ నాలుగేళ్ల కిందట పడిందా. వైర్లు లాగుతూ నిచ్చెన మీంచి. ఏడేళ్ల కిందట చదువుకోసం వేరే ఊళ్లో ఉన్నావు. నీకు అసలు పెళ్లే కాలేదు. మూడేళ్లు ఒకే గదిలో టీ తాగాం, పెళ్లయిందా అని నిన్ను నేను అడగనేలేదు చూడు. అడిగితే ఆవిడ ప్రస్తావన వస్తుందని భయం.

అయితే ఈ వేషానికి నా పేరెందుకు చెప్పావు? అంతేనా? అరిచే వేషాలు తగ్గించకపోతే గొంతు పోతుందని నా డాక్టరు చెప్పినమాట నేను ఎవరితోనో అంటుంటే విన్నావు. మెత్తటి వేషమైతే కాస్త విశ్రాంతిగా ఉంటుందని చెప్పావు. వేడినీళ్లూ అందుకేనా? ఛ.

ఖాళీ సంగతి? నువ్వు చెప్పిన కొలత రచయితే తప్పు రాసుకున్నాడు. సరే. బిస్కెట్లు? ఆకలేసింది. మరి ఏడుపెందుకు రాలేదయ్యా నీకు? "అందులో నాకు కొత్తగా ఏముంది గురువుగారూ." ఊ.

ఉండు, ఒక్కటి మిగిలిపోయింది. మొదటి టేకు ఎందుకు ఓకే చేశావు? నిజం చెప్పు. ఇక నేనేం అనుకోను.

"సరిగ్గా అలాగే అంటారు" అంటావు. ఎవరు? ఆహా, అద్దె ఇళ్లవాళ్లు. నువ్వు తిరిగొచ్చి ఇవతలివైపు గది వెతుక్కున్నప్పుడు. ఎంతమందన్నారు? మడుచు, మడుచు. ఒక చెయ్యి అయిపోయింది. ఆపేశావేం, గుర్తురావట్లేదా, నాకు చెప్పడం ఇష్టం లేదా? సరే వదిలెయ్. అందరూ ఇంతే మెత్తగా అన్నారా? హాయిగా ఉంటుందనే అన్నారా?

అదన్నమాట. మీట మీద చెయ్యి ఆగింది నన్ను పోల్చుకుని కాదు. ఎక్కడో విన్నట్టుందే అని. నేనేమో నా ఒక్కడి గుట్టు నీ దగ్గరుందని మూడేళ్లు నీ చుట్టూ తిరిగాను. నీకది రోజూ వినే మాట.

ఎలాగూ నోరు విప్పాను కాబట్టి ఇదీ విను. వచ్చింది వాళ్లిద్దరే కాదు. ఆ బోర్డు ఎనిమిది నెలలు గేటుకి వేలాడింది. తర్వాత అటువైపునుంచి ఇంకో ముగ్గురో నలుగురో వచ్చారు, వాళ్లకీ అదే చెప్పాను. ఆ మొదటిజంట గుర్తుండటం కూడా మా అమ్మాయి మూలంగానే. అసలు గుర్తుందంటున్నాను గానీ, మొహం గుర్తుంటే నిన్ను చూసి అతననుకుంటానా? గేటు అవతల అన్నావు, అంతే, ఆ కుర్రాడికి నీ మొహం తగిలించేశాను. వాళ్లకి పాప పుట్టిందో బాబు పుట్టాడో, ఎక్కడున్నారో. నాకు మిగిలింది నా గొంతొక్కటే తమ్ముడూ.

మేడం వస్తున్నట్టుంది, చెప్పుల చప్పుడు. లేదులే, ఆ టేకులేవీ చెరపకు. ఉండనీ. మా అమ్మాయి వింటే విననీ. ఇంటికొచ్చి అడుగుతుంది. అడిగితే చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలో నాకింకా తెలియదు.

పద, ఎర్రలైటు వెయ్యి. నేను లోపలికి వెళ్తాను. అదేమిటి, ఇంతసేపూ నువ్వు నిలబడే ఉన్నావా? ఓ. ఈ గదిలో ఉన్నది ఒక్క కుర్చీయే. నీది. వస్తూనే నీచేతే లాగించుకుని కూర్చున్నాను, నువ్వు గోడకి ఆనుకుని విన్నావు. నాకు తోచనేలేదు చూడు.

ఇదిగో, లేచాను. నీ కుర్చీ.

ఇప్పుడు కూడా నోటికి రావట్లేదయ్యా ఆ మాట. ఇరవయ్యో టేకు పెట్టు.